కదలకండి, చెవులు కనపడాలి

ఆ రోజు ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే దుకాణం నుంచి రెండు లెన్సులు తెచ్చుకోవాలి, పగలంతా రెండింటినీ వాడి చూడాలి, సాయంత్రం ఒకటి తిరిగిచ్చేసి ఒకటి ఉంచుకోవాలి. అంతే. ఇంత చిన్న ప్లానులోకి ఒక మైకు, ఒక వ్యాను డ్రైవరు, ఒక ఇసుక గుంట ఎలా వచ్చి పడ్డాయో ఫోటోలాయనకి ఇప్పటికీ అంతుపట్టదు.

ఫోటోలాయన అంటే ఆ వీధిలో ఎవరూ గుర్తుపట్టరు. చెవులాయన అంటే మాత్రం చంటిపిల్లలు కూడా దారి చూపిస్తారు. ఆయన తీసేవన్నీ పాస్‌పోర్టు ఫోటోలు, గుర్తింపు కార్డుల ఫోటోలు. వాటిలో రెండు చెవులూ కనపడకపోతే ఆఫీసులవాళ్ళు మొహాన కొడతారు. అందుకని స్టూలు మీద కూర్చున్న ప్రతివాళ్ళకీ ఆయన చదివే మంత్రం ఒకటే: "కదలకండి. గడ్డం కాస్త దించండి. చెవులు కనపడాలి." పెళ్ళికూతురైనా పోలీసాయనైనా ఆ గొంతు వినపడితే బిగుసుకుపోవాల్సిందే. బడి పిల్లల సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. ఏటా కార్డుల కోసం వాళ్ళందరికీ ఫోటోలు తీసేది ఆయనే కాబట్టి, అక్షరాల కన్నా ముందు వాళ్ళకి కదలకుండా కూర్చోవడం వచ్చేసింది.

కానీ పాపం, ఆయన బతుకంతా నాలుగడుగుల దూరంలోనే గడిచిపోయింది. తెల్ల తెర, స్టూలు, మొహం. తెర, స్టూలు, ఇంకో మొహం. స్టూడియో వెనక కిటికీ తెరిస్తే కాలవ, కాలవకి అవతలి ఒడ్డున ఒక తీగ. ఆ తీగ మీదకి రోజూ పొద్దున్నే ఒక లకుముకిపిట్ట వచ్చి కూర్చునేది. ఆ నీలం చూస్తే ఆయనకి గుండె ఆగినంత పనయ్యేది. దాని కన్ను ఎలా ఉంటుందో, ముక్కు ఏ రంగో, ఒక్కసారి దగ్గరగా చూడాలని ఆయన కోరిక. అంత దూరం ఆయన దగ్గరున్న లెన్సుకి అందదు. తీస్తే ఆవగింజంత వస్తుంది.

ఆ ఆవగింజకే ఒకసారి మురిసిపోయి, ఫోటోని పెద్దది చేసి అచ్చు తియ్యమని భార్యకిచ్చాడు. స్టూడియోలో కంప్యూటరు పని ఆవిడది. ఊరందరి మొహాల మీది మచ్చలూ మొటిమలూ చెరిపే పుణ్యం ఆవిడదే. అచ్చు చేతికొచ్చాక చూస్తే కాలవుంది, తీగుంది, పిట్ట లేదు.

"పిట్టేదే?" అన్నాడు నీరసంగా.

"పిట్టా? అక్కడేదో నీలం మచ్చుంటే తీసేశాను. లెన్సు మీద దుమ్మేమో అనుకున్నానండీ."

ఆ పూట ఆయన భోజనం ముట్టలేదు. మర్నాటి నుంచి టెలిఫోటో జూమ్ లెన్సు జపం మొదలైంది. స్టూలు మీద మనిషిని కూర్చోబెట్టి, కిటికీలోంచి తీగ వైపు చూస్తూ నిలబడిపోయేవాడు. బిగుసుకుపోయిన మనుషులు "ఇంక ఊపిరి పీల్చుకోవచ్చా అండీ?" అని అడిగేదాకా ఈ లోకంలోకి వచ్చేవాడు కాదు.

భార్య మాత్రం ఒప్పుకోలేదు. "లోగడ మీరు ముచ్చటపడి కొన్న మూడుకాళ్ళ స్టాండు మీద ఇప్పుడు తువ్వాళ్ళు ఆరేస్తున్నాను. ఈ లెన్సు కొన్నాక దాన్లో ఏం పోసుకోవాలో కూడా మీరే చెప్పండి" అంది. చివరికి పిట్టని చెరిపిన పాపం ఎక్కడో గుచ్చుకుందో ఏమో, కాస్త మెత్తబడి ఒక షరతు పెట్టింది. "ఊళ్ళో పిల్లలందరి ఫోటోలూ అద్దంలా వస్తాయి. మన పిల్లది మాత్రం ఏటా మసకే. బడిలో దాని కార్డు చూసి నవ్వుతున్నారట. రేపు ఆటల పోటీలో అది పరిగెత్తేటప్పుడు ఒక్క ఫోటో, మొహం స్పష్టంగా కనపడేలా తియ్యండి. వస్తే లెన్సు మీది. రాకపోతే ఇక ఈ జన్మలో ఆ మాట ఎత్తకూడదు."

షరతులో న్యాయం లేకపోలేదు. ఆయన గొంతుకి బిగుసుకోని ప్రాణి ఊళ్ళో ఒక్కటైనా ఉంటే అది ఆయన కూతురే. స్టూలు మీద రెండు క్షణాలు నిలవదు. "కదలకే తల్లీ" అంటే తల తిప్పుతుంది, "గడ్డం దించు" అంటే లేచి పారిపోతుంది. ఆ పారిపోవడమే ఇప్పుడు దానికి విద్య అయింది. ఆటల పోటీకి ఎక్కడో దూరపు ఊరి క్రీడల హాస్టలు నుంచి కోచ్ వస్తున్నారని, పరుగు చూసి ఒక్క పిల్లని ఎంచుకుంటారని తెలిసినప్పటి నుంచి అది నిద్రలో కూడా కాళ్ళు ఆడిస్తోంది.

లెన్సుల దుకాణాయన పాత స్నేహితుడు. ఆయన ఇంటిల్లిపాది చెవులూ చెవులాయన కెమెరాలో పడ్డవే. పొద్దున్నే రెండు లెన్సుల్నీ కౌంటరు మీద బట్ట పరిచి పడుకోబెట్టాడు. ఒకటి పొడుగుది, ఒకటి లావుది.

"లావుదానికి కన్ను పెద్దది సార్. వెలుతురు బాగా లాక్కుంటుంది. పరిగెత్తేవాళ్ళని పరిగెత్తినట్టే పట్టేస్తుంది. ఆటలకి ఇదే. కాకపోతే మరీ దూరం అందదు. ఈ పొడుగుదుందే, అల్లంత దూరాన ఉన్న పిట్ట కంట్లో నలుసు కూడా చూపిస్తుంది. కానీ ఎండ బాగా ఉండాలి, చెయ్యి వణక్కూడదు. పైగా దగ్గరున్నవాళ్ళు దీనికి ఆనరు."

"రెంటికీ పనికొచ్చేది ఒకటి లేదా?"

"అలాంటిది పెళ్ళి సంబంధాల్లోనే ఉండదు సార్, లెన్సుల్లో ఎక్కడుంటుంది? ఏదో ఒకటి సర్దుకోవాలి."

వెనక నిలబడ్డ భార్య అంది: "దగ్గరున్నవాళ్ళు ఆనని దాంతో మనకేం పనండీ. దూరపు కొండలు నునుపు. ఆ లావుదే పెట్టుకుని పిల్లని తియ్యండి."

"అలాగే" అన్నాడాయన. అని, ఆవిడ అటు తిరగ్గానే కెమెరాకి పొడుగుది బిగించాడు. కావాలని చేసింది కాదు. ఆయన చేతులు ఆయన మాట వినలేదు.

బడి మైదానంలో బావమరిది ఎదురొచ్చాడు. అతనక్కడ డ్రిల్లు మాస్టారు. మెడలో విజిలు, చేతిలో మైకు, చంకలో రిబ్బను, మొహాన కంగారు. బావ చేతిలో ఉన్నది చూసి రెండడుగులు వెనక్కేశాడు. "ఇదేంటి బావా, ఇంటి గొట్టం పీక్కొచ్చావా?"

"నోర్ముయ్. ఇది లెన్సు. నన్ను పరుగు ముగిసే గీత దగ్గర నిలబెట్టు."

"తాడు లోపలికి తల్లిదండ్రుల్ని రానివ్వకూడదని మేడం గట్టిగా చెప్పారు. ఉండు, నేను చూసుకుంటాను." చూసుకున్నాడు. ప్రధానోపాధ్యాయురాలి దగ్గరికెళ్ళి, మా బావ ఇవాళ పేపరుకి ఫోటోలు తీస్తున్నాడండీ అన్నాడు. మేనకోడలి మీద ప్రేమతో ఆడిన చిన్న అబద్ధం. చిన్న అబద్ధాలకి ఒకటే జబ్బు, ఊరికే ఒక చోట కూర్చోవు.

ప్రధానోపాధ్యాయురాలు ఆ లెన్సు పొడుగు చూసి పేపరు ఎంత పెద్దదో ఊహించుకుంది. వెంటనే పందెం ఆపించి, ముందు పెద్దల ఫోటో తియ్యాలంది. ముఖ్య అతిథి మీసాలు సవరించుకున్నాడు. టీచర్లు వరస కట్టారు. ఇంతలో మెరిసే ట్రాక్ సూటు వేసుకుని, ఛాతీ మీద హాస్టలు పేరున్న ఆసామి ఒకడు చెట్టు నీడలో కనపడ్డాడు. కోచ్! చెవులాయన ఒక్క అంగలో వెళ్ళి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, మూడో గీతలో పరిగెత్తేది మా అమ్మాయి. కాస్త దృష్టి పెట్టండి."

"తప్పకుండానండీ" అన్నాడతను వినయంగా. "రోడ్డు మీదకి రాకుండా చూసుకోండి చాలు."

ఇందులో ఏదో లోతైన శిక్షణ రహస్యం ఉందనుకుని చెవులాయన తలాడించాడు. అతన్ని తీసుకొచ్చి వరస మధ్యలో, ముఖ్య అతిథి పక్కన నిలబెట్టాడు. అతను వద్దు వద్దంటున్నా వినలేదు. "మీరు లేకపోతే ఎలా సార్!" వరస చివర, తలకి టోపీ పెట్టుకుని సన్నగా నిలబడ్డ ఒకావిడని మాత్రం ఎవరి తల్లో అనుకుని గద్దించాడు. "అమ్మా, టోపీ తియ్యండి. చెవులు కనపడ్డం లేదు."

ఆవిడ టోపీ తీసింది. ఆయన కెమెరా ఎత్తి చూశాడు. మసక. ముఖ్య అతిథి మీసం ఒక్కటే, అదీ నల్లటి మబ్బులాగా, ఫ్రేమంతా ఆక్రమించింది.

"కాస్త వెనక్కి జరగండి."

అందరూ జరిగారు. మసకే. "ఇంకొంచెం." పేపరులో పడాలంటే జరగాలి కదా, జరిగారు. "ఇంకా. ఇంకా. ఆ... ఇంకొక్కటి." వరస వరసంతా మైదానానికి అడ్డంగా వెనక్కి నడిచి వెళ్ళిపోతూంటే, పరుగుకి సిద్ధంగా ఉన్న పిల్లలు పక్కకి తప్పుకుని దారిచ్చారు. చివరికి మొహాలు స్పష్టంగా కుదిరాయి. ఆయన ఆనందంతో "కదలకండి!" అన్నాడు. అందరూ బిగుసుకున్నారు. వరస చివరావిడ ఒక్కతే, గాల్లో పెట్టిన కాలు వెనక్కి వేసేసి, లాంగ్ జంపు కోసం తవ్విన ఇసుక గుంటలో వెల్లకిలా పడిపోయింది.

బావమరిది పరిగెత్తుకొచ్చాడు. "బావా! ఎంత పని చేశావు! ఆవిడే కోచ్!"

"మరి ఈయన?"

"వ్యాను డ్రైవరు! ఆవిణ్ణి తీసుకొచ్చిన వ్యాను డ్రైవరు!"

కోచ్ లేచి ఇసుక దులుపుకుని, టోపీ మళ్ళీ పెట్టుకుని, తాడు పక్కకెళ్ళి నిలబడింది. కూతురు మూడో గీతలో నిలబడి ఇదంతా చూసింది. అంత దూరం నుంచి కూడా దాని పెదవి వణకడం ఆ పొడుగు లెన్సులో ఆయనకి కనపడింది. నాన్నా, నువ్వు రాకపోయినా బాగుండేది అన్నట్టుంది ఆ మొహం.

"ఇక ఏం ముట్టుకోకు" అన్నాడు బావమరిది. "ఇక్కడే నిలబడి పిల్లని ఒక్కటి తియ్యి. నేను పందెం మొదలెట్టడానికి వెళ్తున్నాను. ఈ మైకు పట్టుకో, రిబ్బను కట్టాలి." మైకు బావ మెడలో తగిలించి పరిగెత్తాడు. మైకుని ఆపెయ్యడం అతనికీ తట్టలేదు, అది పనిచేస్తోందన్న సంగతి ఈయనకీ తెలీదు.

చెవులాయన గీత అవతల కుదురుగా నిలబడ్డాడు. లావుది తీసి బిగిద్దామని సంచీలో చెయ్యి కూడా పెట్టాడు. ఈ మాట మాత్రం ఆయన పక్షాన చెప్పుకోవాలి. సరిగ్గా అప్పుడే మైదానం అవతలి కొసన, కాలవ గట్టుకి ఆనుకుని ఉన్న గోల్‌పోస్టు మీద ఏదో నీలంగా మెరిసింది.

ఆయన కెమెరా ఎత్తాడు.

పిట్ట. ఆవగింజ కాదు, మచ్చ కాదు, దుమ్ము కాదు. ఫ్రేము నిండా లకుముకిపిట్ట. ముక్కు ఎర్రగా, వీపు మీద ఎండ పడి నీలం నిప్పులా వెలుగుతోంది. నల్లటి చిన్న కన్ను, ఆ కంట్లో చిన్న తెల్ల చుక్క. అది తనకేసే చూస్తోంది. ఇన్నేళ్ళుగా కిటికీలోంచి ఆశపడ్డ మొహం ఇన్నాళ్ళకి నాలుగడుగుల దూరంలో ఉన్నట్టుంది. ఆయనకి కళ్ళు చెమర్చాయి. చుట్టూ ఏం జరుగుతోందో, ఎక్కడున్నాడో, ఎందుకొచ్చాడో అన్నీ మర్చిపోయాడు. ఎక్కడో విజిలు మోగింది. అదీ ఆయన చెవిన పడలేదు. పిట్ట రెక్క కాస్త విప్పింది. ఎగిరిపోతుందేమోనని ప్రాణం గిలగిల్లాడి, నోటి నుంచి ఆ అలవాటు మాటలే వచ్చాయి.

"కదలకు! కదలకు నాయనా... గడ్డం కాస్త దించు... చెవులు కనపడాలి..."

మైకు ఆ మాటల్ని మైదానం నాలుగు మూలలకీ మోసుకెళ్ళింది.

పరిగెత్తే పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. గాల్లోకి లేచిన కాళ్ళు కిందికి దిగాయి. గడ్డాలు దిగాయి. వరసలో ఉన్న ఆడపిల్లలంతా ఒకేసారి జుట్టు చెవుల వెనక్కి తోసుకుని, మొహాలు బిగించి, నవ్వకుండా నిలబడ్డారు. చూడ్డానికొచ్చిన తల్లిదండ్రుల్లో కూడా కొందరు సర్దుకుని నిటారుగా కూర్చున్నారు. ఒక్కతే ఆగలేదు. పుట్టిన దగ్గర్నుంచి ఆ మాట పెడచెవిన పెడుతూ వచ్చిన పిల్ల ఇప్పుడు మాత్రం ఎందుకు వింటుంది? మూడో గీతలోంచి బాణంలా వచ్చి, రిబ్బను తెంపుకుని, తండ్రి పక్కనుంచి దూసుకుపోయింది.

పిట్ట ఎగిరిపోయింది. ఆయన తృప్తిగా కెమెరా దించి చూస్తే ఎదురుగా మైదానం నిండా గొడవ.

"కూతురు గెలవాలని మా పిల్లల్ని ఆపేశాడు!"

"వాళ్ళ మామయ్యే మైకిచ్చాడు, కళ్ళారా చూశాను!"

"పేపరుకి తీస్తున్నాడన్నదీ అబద్ధమేనట! ఇదంతా నాటకం!"

"అయ్యయ్యో, నేను మీ పిల్లల్ని అనలేదండీ. పిట్టని అన్నాను, పిట్టని!"

"పిట్టని గడ్డం దించమన్నావా?"

బావమరిది కెమెరా లాక్కుని వెనక ఉన్న చిన్న తెరలో ఫోటోలు తిప్పి చూశాడు. పిట్ట. మళ్ళీ పిట్ట. పిట్ట రెక్క విప్పింది. పిట్ట అటు తిరిగింది. మోసం లేదని ఊరందరికీ రుజువైపోయింది. పెద్దవాళ్ళ భుజాల మధ్యనుంచి చెమటలు కక్కుతూ తల దూర్చి కూతురు కూడా చూసింది.

"నాన్నా, ఇందులో నేనెక్కడ?"

ఆయన కెమెరా అందుకుని ఇంకో ఫోటో తిప్పాడు. అదీ పిట్టే.

"నేను ఫస్టు వచ్చాను. నువ్వు చూడనే లేదా?"

భార్య కూడా వచ్చి చూసింది. తెర మీద పిట్టని చాలాసేపు చూసింది. "నేను చెరిపేసింది దీన్నేనా?" అంది మెల్లగా. తర్వాత కూతురి మొహం చూసి, భర్త మొహం చూసి, సంచీలోంచి లావుది తీసి ఆయన చేతిలో పెట్టింది.

ప్రధానోపాధ్యాయురాలు పందెం చెల్లదంది. మళ్ళీ పెట్టారు. ఈసారి మైకుని బావమరిది తన మెడలోనే ఉంచుకున్నాడు. చెవులాయన లావుది బిగించి, గీత ఇవతల మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గోల్‌పోస్టు వైపు చూడకూడదని కాసేపు కళ్ళు మూసుకున్నాడు కూడా. విజిలు మోగింది. పిల్లలొచ్చారు. అందరి మొహాలూ ఆయన తీసినవే, ఎవరి చెవి ఎలా ఉంటుందో కూడా తెలుసు. వాళ్ళ మధ్యలో తనది. జుట్టు వెనక్కి ఎగిరిపోయి, రెండు చెవులూ కనపడుతూ, నోరు కాస్త తెరిచి ఉంది. ఇన్నేళ్ళుగా ఆయన తీసిన మొహాలన్నీ కెమెరాకేసి చూసినవే. ఈ మొహం ఆయన్ని చూడటం లేదు, గీతనీ చూడటం లేదు. ఎక్కడో ఇంకా అవతలికి, ఆయన వెనక చాలా దూరానికి చూస్తోంది. ఆ చూపు ఆయనకి బాగా తెలిసిందే. కిటికీ దగ్గర నిలబడ్డప్పుడు తను కూడా ఇలాగే ఉండి ఉంటాడు. ఈసారి ఆయన కదలకు అనలేదు. మీట నొక్కాడు.

అలిసిపోయిన కాళ్ళు కదా, రెండో స్థానం వచ్చింది. పిల్ల గడ్డి మీద కూలబడి ఏడ్చింది. తండ్రి పక్కన చేరి, "నా వల్లే తల్లీ, నా వల్లే" అని తనూ ముక్కు చీదాడు. అప్పుడు టోపీ ఆవిడ నడిచొచ్చి వాళ్ళ ముందు నిలబడింది. జేబులోంచి ఇంకా ఇసుక రాలుతోంది.

"ఇందాక ఆగకుండా వచ్చింది ఈ పిల్లేగా?"

"తప్పు దాందేం లేదు మేడం. చిన్నప్పట్నుంచీ నా మాట వినదు" అన్నాడాయన, బతిమాలుతున్నట్టు.

"అదే నాక్కావలసింది. వేగం నేను నేర్పిస్తాను. నేర్పించలేనిది ఒక్కటే, జనం అరిచినా తల తిప్పకపోవడం. అది మీరు ఇంట్లో బాగా నేర్పించినట్టున్నారు. వచ్చే వారం పంపించండి." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "చెప్పడం మర్చిపోయాను. నేను ఇసుకలో పడ్డ ఫోటో వచ్చుంటే చెరిపెయ్యండి."

సాయంత్రం భార్య ఆ పరుగు ఫోటోని కంప్యూటరు మీద పెద్దది చేసి పెట్టుకుని కూర్చుంది. పిల్ల భుజం పైన, బాగా వెనకాల, గోల్‌పోస్టు మీద చిన్న నీలం చుక్క ఉంది. చెయ్యి అలవాటు కొద్దీ చుక్క దాకా వెళ్ళి ఆగిపోయింది. చుక్కని ఉంచేసి, పైట చెంగుతో కళ్ళొత్తుకుని, పదండి దుకాణం మూసేస్తాడు అంది.

దుకాణంలో కౌంటరు మీద మళ్ళీ బట్ట పరిచారు. చెవులాయన పొడుగుదాన్ని మూతలు పెట్టి మెల్లగా పడుకోబెట్టాడు. ఒకసారి నిమిరాడు. "లావుదే ఉంచుకుంటాను" అన్నాడు. "పిల్ల దీంట్లోనే పడింది. పిట్టని చూసేశాను కదా, చాలు." చాలని ఆయన గొంతు మాత్రం ఒప్పుకోలేదు.

"ఉండండి" అంది భార్య. పొడుగుదాన్ని రెండు చేతులా ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. పొద్దున దీంతో మనకేం పని అన్న మనిషి ఈవిడేనా అని ఆయన నోరు వెళ్ళబెట్టాడు. ఆవిడ ఆయన్ని పట్టించుకోకుండా దుకాణాయన్నే అడిగింది.

"వచ్చే వారం మా అమ్మాయి హాస్టలుకి వెళ్ళిపోతోందన్నయ్యా. బస్సులో ఒక రాత్రంతా ప్రయాణమట. మన మేడ మీంచి చూస్తే దీంట్లో కనపడుతుందా?"

"అంత దూరం కనపడదమ్మా."

"ఇంతకన్నా పొడుగుది తెప్పించలేవా?"

దుకాణాయన వెనకున్న బీరువా కేసి చూసి, కాసేపు నిజంగానే ఆలోచించి, "ఆ దూరానికి ఇప్పటిదాకా వచ్చినవాటిలో బస్సే మంచిదమ్మా" అన్నాడు.